పాత చేతితో కొత్త పని

ఒక వృత్తిలో ఎనిమిదేళ్లో పదేళ్లో గడిపాక దాన్ని వదిలి పరిచయం లేని మరో వృత్తిలోకి వెళ్లడం, ఉద్యోగం మారడం ఒకటి కావు. ఉద్యోగం మారితే ఆఫీసు మారుతుంది, జీతం పెరుగుతుంది. చేతికి వచ్చిన పని, దానివల్ల వచ్చిన పేరు వెంటే వస్తాయి. వృత్తి మారినప్పుడు ఆ రెండూ అక్కరకు రానట్టే కనిపిస్తాయి. పటాన్‌చెరు ఫ్యాక్టరీలో మెషిన్ చప్పుడు విని లోపం ఎక్కడుందో చెప్పగలిగిన ఇంజనీరు, పది లైన్ల ప్రోగ్రాములో తప్పు ఎక్కడుందో దొరక్క సాయంత్రం దాకా కుస్తీ పడతాడు. కొత్త విద్య కష్టమే. అయితే అంతకంటే పెద్ద కష్టం, నిన్నటి దాకా నలుగురికీ చెప్పినవాడు ఈరోజు నలుగురినీ అడగవలసి రావడం.

తెలుగువాళ్లకు ఈ మార్పు అనగానే గుర్తొచ్చే చోటు హైదరాబాదులోని అమీర్‌పేట. మైత్రీవనం దాటి ఆదిత్య ఎన్‌క్లేవ్ వైపు నడిస్తే, మేడల గోడలు కనపడనంతగా కోచింగ్ సెంటర్ల బోర్డులు. జిరాక్సు షాపుల్లో స్పైరల్ బైండింగ్ చేసిన నోట్సు దొంతరలు, పైఅంతస్తుల్లో హాస్టళ్లు, ప్రతి మెట్ల దగ్గరా ‘ఈరోజే డెమో క్లాసు’ అనే కాగితం. పొద్దున ఏడింటి బ్యాచ్‌లో కూర్చునేవాళ్లంతా అప్పుడే కాలేజీ వదిలినవాళ్లు కారు. సివిల్, మెకానికల్ చదివి సైట్లలో, ప్లాంట్లలో ఏళ్లు గడిపినవాళ్లు, ప్రైవేటు స్కూలు టీచర్లు, మెడికల్ రెప్పులు, పిల్లల కోసం ఉద్యోగం మాని మళ్లీ మొదలుపెట్టాలనుకునే తల్లులు వాళ్ల పక్క కుర్చీల్లోనే ఉంటారు. కోర్సు కొన్ని నెలల్లో అయిపోతుంది. అక్కడి నుంచి మొదటి ఆఫర్ లెటరు దాకా ఉన్న దూరమే చాలామందిని కుంగదీస్తుంది.

ఆ దూరాన్ని తగ్గిస్తామంటూ అదే సందుల్లో ఒక సలహా దొరుకుతుంది: ‘ఫేకు పెట్టుకో’. అంటే పని చేయని కంపెనీలో మూడేళ్లు చేసినట్టు కాగితాలు పుట్టించుకోవడం. దొరికిపోతే ఉద్యోగం పోతుంది. ప్రావిడెంట్ ఫండు యూఏఎన్ నంబరు కింద ఏ కంపెనీ ఏ నెల డబ్బు కట్టిందో నమోదై ఉంటుంది కాబట్టి దొరకడమూ కష్టం కాదు. దీనిలో ఇంకో నష్టం ఉంది, దాని గురించి ఎవరూ మాట్లాడరు. లేని మూడేళ్లను చూపించాలంటే, నిజంగా చేసిన పదేళ్లను రెజ్యూమేలోంచి చెరిపేయాలి. కొత్తచోట ఎక్కువ విలువ పలికేది నిజానికి ఆ పదేళ్లకే.

ఎలాగంటే, పరిశ్రమలు వాడే ఎస్‌ఏపీ సాఫ్ట్‌వేర్‌లో ఉత్పత్తికి, నాణ్యత పరీక్షకు, సరుకుల నిర్వహణకు వేర్వేరు మాడ్యూళ్లు ఉంటాయి. ఆ పనులు చేతులారా చేసినవాళ్లకు స్క్రీను మీద కనిపించే ప్రతి గడి వెనక అసలు ఫ్యాక్టరీలో ఏం జరుగుతుందో తెలుసు. బ్యాంకు కౌంటరులో పనిచేసినవాళ్లకు బ్యాంకింగ్ సాఫ్ట్‌వేర్ పరీక్షించే చోట, నర్సింగ్, ఫార్మసీ చదివినవాళ్లకు మెడికల్ కోడింగులో ఇదే అనుకూలత. వృత్తి మారాలనుకునేవారు తమకు ఏ కోర్సు రాదో లెక్కపెట్టుకునే ముందు, ఇన్నేళ్లలో తమకు ఏం తెలిసిందో ఒక కాగితం మీద రాసుకోవాలి. ఏ పనికి నలుగురూ వచ్చి సలహా అడిగేవారు, ఏ తగాదా తీర్చారు, ఏ నష్టం ఆపారు అని రాస్తూపోతే రెండు పేజీలు నిండుతాయి. కొత్త దారి ఎటు వెయ్యాలో ఆ పేజీలే చూపిస్తాయి.

సినిమా రంగంలో దీనికి చక్కని ఉదాహరణ కె. విశ్వనాథ్. మద్రాసు వాహినీ స్టూడియోలో ఆయన సౌండు విభాగంలో మొదలుపెట్టి దర్శకత్వంలోకి వచ్చారు. మాట, పాట, నిశ్శబ్దం ఎక్కడ ఎంతుండాలో తెలిసిన ఆ చెవి 1980లో వచ్చిన ‘శంకరాభరణం’ అంతటా వినిపిస్తుంది. దర్శకుడయ్యాక కూడా సెట్‌లో సాంకేతిక కార్మికుల ఖాకీ దుస్తులే వేసుకునేవారు. పాత పనిని ఆయన ఎక్కడా విడిచిపెట్టలేదు.

మనసుకు తగిలే దెబ్బల్లో మొదటిది హోదాది. ప్లాంటులో అందరిచేతా ‘సార్’ అనిపించుకున్న నలభై ఏళ్ల మనిషిని కొత్త ఆఫీసులో పాతికేళ్ల టీమ్ లీడ్ పేరు పెట్టి పిలుస్తాడు. ‘నిన్ననే చెప్పాను కదా’ అంటాడు. అందులో అమర్యాద ఏమీ లేదు, అక్కడి పద్ధతే అది. అయినా మొదటి నెలల్లో ఆ మాట ఇంటిదాకా వెంటాడుతుంది. ఇక్కడ చాలామంది చేసే పొరపాటు తెలియనిదాన్ని దాచడం. అడిగితే చులకనవుతామని రాత్రంతా ఒంటరిగా వెతికి, పొద్దున అరకొర పని చూపించి ఇంకా చులకనవుతారు. వయసులో చిన్నవాడే అయినా ఒకరిని గురువుగా ఒప్పుకుని, రోజుకు పది నిమిషాలు అడిగి తెలుసుకునేవాళ్లు త్వరగా నిలదొక్కుకుంటారు. అమెరికా రచయిత విలియం బ్రిడ్జెస్ 1980లో వచ్చిన తన పుస్తకంలో మార్పును మూడు దశలుగా చూపించారు: పాతది ముగియడం, ఏదీ కాని మధ్యకాలం, కొత్తది మొదలవడం. ఆయన లెక్కలో ఆ మధ్యకాలం జబ్బు కాదు, దాటవలసిన దారి. ఈ సంగతి ముందే తెలిసి ఉంటే, ‘నావల్ల కాదేమో’ అనిపించిన రోజున రాజీనామా రాయకుండా ఆగవచ్చు.

డబ్బు లెక్క మరీ కచ్చితంగా ఉండాలి. మొదటి రెండేళ్లు జీతం తగ్గుతుందనే అనుకోవాలి. ఇంటి అద్దె లేదా ఈఎంఐ, పిల్లల ఫీజు, పెద్దవాళ్ల మందులు కలిపి నెలకెంతో రాసుకుని, చేతిలో ఉన్న సొమ్ము ఎన్ని నెలలకు వస్తుందో చూడాలి. ఏడాదికి సరిపడా లేకపోతే పాత ఉద్యోగంలో ఉండే చదువుకోవడం మంచిది. రాజీనామా తేదీ కూడా చూసుకోవాలి. పర్మినెంటు ఉద్యోగికి గ్రాట్యుటీ రావాలంటే సాధారణంగా అయిదేళ్ల సర్వీసు నిండాలి. నాలుగు నెలల తొందరకు ఆ మొత్తం వదులుకునేవాళ్లున్నారు. ప్రావిడెంట్ ఫండును ఖర్చులకు తీసేయకుండా కొత్త ఖాతాకు బదిలీ చేసుకోవాలి. అయిదేళ్లు నిండకముందు తీసిన సొమ్ముపై పన్ను పడుతుంది. పింఛనుకు పదేళ్ల సర్వీసు కావాలి, మధ్యలో పింఛను వాటా తీసుకుంటే పాత ఏళ్లు లెక్కలోంచి పోతాయి.

ఆరోగ్య బీమా విషయం దాదాపు అందరూ మరిచిపోతారు. కంపెనీ ఇచ్చిన గ్రూపు పాలసీ ఉద్యోగంతోనే ఆగిపోతుంది. కొత్తగా సొంత పాలసీ తీసుకుంటే, అప్పటికే ఉన్న షుగరు, బీపీ వంటివాటికి గరిష్ఠంగా మూడేళ్ల దాకా నిరీక్షణ గడువు ఉండవచ్చు. అదే బీమా కంపెనీలో గ్రూపు నుంచి వ్యక్తిగత పాలసీకి మారే వీలుంటుంది. ఆ సంగతి నోటీసు పీరియడ్‌లో ఉండగానే అడిగి తేల్చుకోవాలి.

ఇంట్లో వాళ్లను ఒప్పించడం వేరే పని. ‘సెటిలయ్యాడు’ అన్న మాటకు తెలుగు ఇళ్లలో ఉన్న బరువు తెలిసిందే. స్థిరమైన కొలువు వదిలాడంటే పెళ్లి సంబంధం దగ్గర, అత్తవారింట్లో ప్రశ్నలు వస్తాయి. ‘నాకు ఇష్టం’ అన్న ఒక్క మాట వాళ్ల భయాన్ని తీర్చదు. ఎన్ని నెలలు ప్రయత్నిస్తారు, ఎంత ఖర్చు పెడతారు, ఫలించకపోతే ఏం చేస్తారు అన్నవి అంకెలతో సహా ముందుపెడితే, కాదనేవాళ్లు కూడా కూర్చుని వింటారు. ముఖ్యంగా భార్యాభర్తల్లో రెండోవారి జీతం మీద ఇల్లు నడవబోతుంటే, ఆ నిర్ణయం ఇద్దరిదీ కావాలి.

దూకే ముందు లోతు చూడడానికి దారులు చాలానే ఉన్నాయి. వృత్తి మార్పులను అధ్యయనం చేసిన హెర్మీనియా ఇబారా 2003లో ప్రచురించిన పుస్తకంలో ఒక సంగతి గట్టిగా చెప్పారు: తామెవరో బాగా ఆలోచించి తేల్చుకున్నాక మారేవారి కంటే, చిన్నచిన్నగా చేసి చూస్తూ తెలుసుకునేవారే ఎక్కువ. ఇప్పుడు అలా చేసి చూడడం సులువు. ఎన్‌పీటీఈఎల్, స్వయం వేదికల్లో ఐఐటీ అధ్యాపకుల పాఠాలు ఉచితంగా వినవచ్చు. సర్టిఫికెట్ పరీక్షకు మాత్రం రుసుము ఉంటుంది. ఉద్యోగం చేస్తూ డిగ్రీ చదవాలంటే 1982లో హైదరాబాదులో మొదలైన దేశపు తొలి సార్వత్రిక విశ్వవిద్యాలయం ఉంది. ఇప్పుడది డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ పేరుతో నడుస్తోంది. డిగ్రీ ఉన్నవారు లాసెట్ రాసి మూడేళ్ల ఎల్‌ఎల్‌బీలో చేరవచ్చు. అయితే పూర్తికాల జీతపు ఉద్యోగంలో ఉంటూ న్యాయవాదిగా ప్రాక్టీసు చేయడాన్ని బార్ కౌన్సిల్ నియమాలు ఒప్పుకోవు. పట్టా వచ్చాక ఒకదాన్ని వదలక తప్పదు. వ్యవసాయం, హోటలు వంటి సొంత పనుల్లోకి వెళ్లాలనుకునేవారు కనీసం ఒక సీజను మరొకరి దగ్గర చేసి చూడాలి. పుస్తకంలో కనపడని నష్టాలు అక్కడ కనపడతాయి.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులకు ఒక వెసులుబాటు ఉంది. శాఖ అనుమతితో, సరైన మార్గంలో దరఖాస్తు చేసి మరో ప్రభుత్వ కొలువుకు ఎంపికైనవారు ‘టెక్నికల్ రిజిగ్నేషన్’ ఇస్తే పాత సర్వీసు కలిసివస్తుంది. పాత పోస్టు మీద హక్కు, అంటే లియన్, సాధారణంగా రెండేళ్లు ఉంటుంది. ఈలోగా కొత్త పని పొసగకపోతే తిరిగి రావచ్చు.

ప్రైవేటు ఉద్యోగికి అలాంటి హక్కు కాగితం మీద ఉండదు. అందుకే వెళ్లేటప్పటి తీరు ముఖ్యం. నోటీసు పీరియడ్ పూర్తిగా చేసి, చేతిలోని పని తరువాతివారికి నేర్పి, రిలీవింగ్ లెటర్ తీసుకుని వెళ్లినవారి పేరు పాతచోట మంచిగానే మిగులుతుంది. ఏడాదిన్నర తంటాలుపడి వెనక్కి వచ్చే ఇంజనీర్లూ ఉంటారు. ఊళ్లో దాన్ని ఓటమి అంటారేమో గానీ ప్లాంటు మేనేజరు అలా చూడడు. లైన్ మీద రోజూ పోగయ్యే లెక్కల్ని ప్రోగ్రాముతో విడదీసి, ఏ మెషిన్ ఎప్పుడు మొరాయించబోతోందో చెప్పగల మనిషి ఆయనకు కావాలి. ఆ చప్పుడూ తెలిసి, ఆ లెక్కా తెలిసినవాళ్లు ప్లాంటులో ఒకరిద్దరే ఉంటారు.