బాగుచేయించిన చక్రము మళ్ళీ వంకర పోతే

తెగిన పుల్లలు మార్పించి, బెండు తీయించి ఇంటికి తెచ్చుకొన్న సైకిలు చక్రము వారము తిరగకుండానే మళ్ళీ ఊగడము మొదలుపెడుతుంది. అప్పుడు చాలా ఇళ్ళలో జరిగేది ఒకటే. ఆ షాపతనిని ఇంటిల్లిపాదీ నాలుగు మాటలు అనుకొంటారు, సైకిలును మాత్రము అలాగే తొక్కుతూ ఉంటారు. మాట అన్నందువలన చక్రము బాగుపడదు సరే, అలాగే తొక్కడము మాత్రము నిజముగా అపాయము. వెనుక క్యారియరు మీద మనము కూర్చోబెట్టేది చాలాసార్లు బడికి వెళ్ళే మన బిడ్డనే గదా!

మన గోదావరి డెల్టాలో సైకిలు ఇంతగా నిలిచిపోవడానికి నేల తీరే కారణము. 1847లో మొదలై 1852లో పూర్తి అయిన ధవళేశ్వరము ఆనకట్ట నుండి కాలువలు పారాయి, ఆ కాలువ గట్లే ఊరి నుండి ఊరికి బాటలయ్యాయి. ఎత్తుపల్లాలు లేని నేల గనుక తొక్కేవానికి ఆయాసము తక్కువ. రావులపాలెము మార్కెట్టుకు ఇరుప్రక్కలా అరటి గెలలు కట్టుకొని నడిపించుకొని పోయే సైకిళ్ళను, అంబాజీపేట వైపు కొబ్బరికాయల బస్తాలతో సాగే సైకిళ్ళను, పాల క్యానులు వ్రేలాడేసుకొని తెల్లవారుజామున వెళ్ళే సైకిళ్ళను మన పాఠకులలో చూడనివారుండరు. ఇప్పుడు మోటారు సైకిళ్ళు, ఆటోలు వచ్చి ఆ బరువులలో చాలా భాగము తీసుకొన్నాయి. గంటకు ఇంతని అద్దెకిచ్చే సైకిలు షాపులు అనేక ఊళ్ళలో మూతపడ్డాయి. అయినా పొలము పనికి వెళ్ళేవారికి, హైస్కూలు పిల్లలకు సైకిలే ఆధారము. ఆనకట్ట నాటి గట్లలో కొన్ని ఇప్పటికీ గ్రావెలు బాటలే. వాన వెలిశాక గోతులు తేలిన ఆ బాట మీద దెబ్బంతా తినేది వెనుక చక్రము.

ఆ చక్రము బరువును ఎలా మోస్తున్నదో తెలిస్తే దానిని ఎవరు సరిగా బాగుచేశారో, ఎవరు చేయలేదో మనకే తెలిసిపోతుంది. ఎడ్లబండి చక్రములో ఆకులు లావుగా ఉంటాయి. క్రిందికి వచ్చిన ఆకు స్తంభము వలె నిలబడి బరువు మోస్తుంది. సైకిలు పుల్ల సన్నని తీగ, నెట్టితే వంగిపోతుంది. దాని బలమంతా లాగడములోనే ఉన్నది. పుల్లలన్నీ హబ్బును మధ్యలో పెట్టుకొని రిమ్మును అన్ని వైపుల నుండి లోపలికి లాగిపట్టి ఉంచుతాయి. తాళ్ళు కట్టి నిలబెట్టిన పందిరి గుంజ ఎలా నిలుస్తుందో చూడండి, ఇదీ అలాంటిదే. బరువు పడినప్పుడు క్రిందనున్న పుల్లలు కొంచెము సడలి, పైకి పోగానే మళ్ళీ బిగుస్తాయి. లాగే పుల్లలతో చక్రము చేయవచ్చునని ఇంగ్లండులో జార్జి కేలీ 1808లోనే ఆలోచించాడు. పుల్లలను హబ్బు నుండి ఏటవాలుగా ఒకదానిమీదుగా ఒకటి పోయేటట్లు అల్లే పద్ధతిని జేమ్స్ స్టార్లీ 1874లో తెచ్చాడు. మన ఊళ్ళ నల్ల సైకిలులో ముందు చక్రానికి 32, వెనుక చక్రానికి 40 పుల్లలుండడము చాలా కాలము నుండి వస్తున్న లెక్క. వెనుకకు బరువెక్కువ గనుక ఆ ఎనిమిది ఎక్కువ.

ఈ నలభై పుల్లలూ ఒక కుటుంబము వలె బరువును పంచుకోవాలి. ఒకటి సడలితే దాని పాలు ప్రక్కవాటి మీద పడుతుంది. చెడ్డ రిపేరు ఎక్కడ మొదలవుతుందో ఇక్కడే తెలుస్తుంది. ఒక పుల్ల తెగింది, షాపతను కొత్తది వేశాడు, దానిని మాత్రము గట్టిగా బిగించి రిమ్ము వంకరను అక్కడికక్కడ సరిచేశాడు. చూపుకు చక్రము తిన్నగానే తిరుగుతుంది. కాని పాత పుల్లలు సడలిపోయి ఉన్నాయి, కొత్తది ఒక్కటే బిగుతుగా ఉన్నది. పది పదిహేను మైళ్ళు తిరిగేసరికి ఆ ప్రక్కది ఒకటి హబ్బు దగ్గర వంపులో తెగుతుంది. తరువాత మరొకటి. యజమాని "పుల్లలు నాసిరకము" అనుకొంటాడు. పుల్లలు నాసిరకము కావచ్చును కూడా, కాని వరుసగా తెగుతున్నాయంటే ముందు అనుమానించవలసినది బిగింపునే.

పొడవు సరిపోని పుల్ల వేయడము మరొక తప్పు. పొడవు ఎక్కువైతే దాని కొన రిమ్ములో నుండి పైకి పొడుచుకొని వచ్చి ట్యూబును గుచ్చుతుంది. పొట్టిదైతే నిప్పిలులో రెండు మూడు మరలే పట్టి, బరువుకు ఊడివస్తుంది. రిమ్ము లోపల చుట్టే పట్టీ వేయకపోయినా, చిరిగిన దానినే మళ్ళీ వేసినా పంక్చర్లు ఆగవు. ఇది కనిపెట్టడము చాలా తేలిక. పంక్చరు వేసేటప్పుడు రంధ్రము ట్యూబుకు ఏ వైపున ఉన్నదో చూడండి. బాట వైపు ఉంటే ముల్లో మేకో కారణము. రిమ్ము వైపు ఉంటే కారణము మీ చక్రములోనే ఉన్నది, ఎన్ని ప్యాచీలు వేసినా డబ్బు దండుగ.

అందుచేత డబ్బు చేతికివ్వక ముందే, షాపు దగ్గరనే నాలుగు నిమిషాలు నిలబడి చూడడము మంచిది. ఇందులో మొహమాటము అవసరము లేదు, మంచి పనివాడు దీనికి సంతోషిస్తాడు కూడా. సైకిలు తలక్రిందులుగా ఉండగానే వేలిని ఫోర్కుకు ఆనించి, గోరు రిమ్ముకు వెంట్రుక వాసి దూరములో పెట్టి చక్రము మెల్లగా త్రిప్పండి. రిమ్ము గోరుకు ఒకచోట తగిలి మరొకచోట దూరముగా పోతే బెండు పోలేదన్నమాట. తరువాత పుల్లలను వీణ తీగల వలె ఒక్కొక్కటీ మీటండి. ఒక ప్రక్కనున్న పుల్లలు రమారమి ఒకే శబ్దము చేయాలి. వెనుక చక్రములో ఫ్రీవీలు ప్రక్కవి కొంచెము హెచ్చు స్వరము పలుకుతాయి, అది తప్పు కాదు, ఆ ప్రక్క బిగుతు ఎక్కువ ఉండాలి. ఎక్కడైనా "డబ్" మని చచ్చిన శబ్దము వస్తే ఆ పుల్ల పనిచేయడము లేదు. చివరికి రిమ్మును రెండు చేతులా పట్టుకొని అటూ ఇటూ ఊపండి. టకటకమంటే హబ్బులో కోను సడలి ఉన్నది. గరగరమని బిగుసుకొని తిరిగితే కోను అతిగా బిగించారు, లోపలి బాల్సు త్వరలో అరిగిపోతాయి. ఇరుసు నట్లు రెండు ప్రక్కలా బిగించారో లేదో చూడడము చెప్పనవసరము లేదు గాని, మరచిపోయేది అదే!

మాకు తెలిసిన ఒక కుటుంబములో జరిగినది చెబుతాము. ఆయన వ్యవసాయ కూలీ, కోనసీమలో ఒక చిన్న ఊరు. వెనుక చక్రానికి మూడు పుల్లలు వేయించి తెచ్చుకొన్న అయిదవ రోజున, కూతురిని బడికి తీసుకొని వెళ్తుండగా లాకుల దగ్గర మలుపులో చక్రము ఒక్కసారిగా పల్లెము వలె వంగిపోయింది. పిల్ల గ్రావెలు మీద పడి మోచేయి చీరుకొన్నది. కాలువ వైపు పడలేదు, అదే మేలు. చూస్తే మరో నాలుగు పుల్లలు తెగి ఉన్నాయి. ఆ సాయంకాలము ఇరుగుపొరుగువారంతా ఆయనను షాపు మీదికి పోయి దులిపి రమ్మన్నారు. ఇబ్బంది ఏమంటే ఆ మెకానిక్కు వారి సంఘములోని వాడే. ఆదివారము ఒకే చాప మీద కూర్చొనేవారు.

ఆయన వంగిన చక్రాన్ని భుజాన వేసుకొని, తెగిన పుల్లలను కాగితములో చుట్టుకొని, షాపులో మరెవరూ లేని సమయము చూసి వెళ్ళాడు. "తమ్ముడూ, నీవు వేసిన మూడూ బాగానే ఉన్నాయి. వాటి ప్రక్కవే తెగాయి. ఇవిగో, అన్నీ హబ్బు దగ్గరే తెగాయి. పాత పుల్లలు బిగించావా?" అని అడిగాడు. అతను కొంతసేపు పలకలేదు. తరువాత "ఆయ్, లేదండి. ఆ రోజు రద్దీలో వేసినవే బిగించానండి. అమ్మాయికి ఎలాగుందండి?" అన్నాడు. రిమ్ము ఇక పనికిరాదు. రిమ్ము, పుల్లల ఖర్చు ఈయన పెట్టుకొనేటట్లు, అల్లకము కూలి అతను వదులుకొనేటట్లు ఒప్పందము కుదిరింది. ఇది న్యాయమైన లెక్కేనా అని కొందరు అడగవచ్చును. మా ఉద్దేశములో రిమ్ము ఖర్చులో సగము అతను భరించవలసినది. కాని ఆ ఇద్దరూ దానితో తృప్తిపడ్డారు, చక్రము నేటికీ తిరుగుతున్నది.

ఆయన వెళ్ళిన తీరును గమనించండి. ఆలస్యము చేయలేదు. సాక్ష్యముగా వస్తువునే తీసుకొని వెళ్ళాడు. "నీ పని దండుగ" అనలేదు, ఏది తెగిందో, ఎక్కడ తెగిందో చూపించాడు. నలుగురిలో అడిగితే ఎంత మంచి పనివాడైనా తన పొట్టకూటి పేరును కాపాడుకోవడానికి ఎదురు తిరుగుతాడు. మనలో కొందరు షాపతనితో ఒక్క మాటయినా చెప్పక మరో షాపుకు పోయి, ఊరంతా అతని పేరు చెడగొడతారు. అతనికి తన తప్పు తెలియదు, రేపు మరొకరి చక్రము కూడా అలాగే చేస్తాడు.

పనివాని ప్రక్క కూడా కొంత చెప్పాలి. నలభై పుల్లలను ఒక వరుసలో బిగిస్తూ, సడలిస్తూ బెండు తీయడము తొందరలో అయ్యే పని కాదు. మనమేమో పంక్చరు వేసినంత సేపటిలో కావాలంటాము, కూలి దగ్గర బేరమాడతాము. చింతచెట్టు క్రింద ఒక పెట్టె, ఒక పంపు, నీళ్ళ తొట్టితో బ్రతికే మనిషి ఆ కూలికి ఆ పనే చేస్తాడు. "నిదానముగా చెయ్యి, రేపు వస్తాను" అన్న మాటకు ఫలితము వేరుగా ఉంటుంది. అంతర్వేది వంటి సముద్రతీరపు ఊళ్ళలో ఉప్పుగాలికి నిప్పిలులు తుప్పు పట్టి త్రిప్పితే తిరగవు. అటువంటప్పుడు "ఇది కుదరదు, మార్చాలి" అని చెప్పినవాడు మిమ్ములను దోచుకొంటున్నాడని అనుకోవద్దు. గోతిలో పడి మడత పడిన రిమ్మును పుల్లలతో లాగి తిన్నగా నిలబెట్టడము ఎవరివల్లా కాదు, లాగినా నిలవదు.

మర్యాదగా అడిగినా ఒప్పుకోని వారుంటారు. ముఖ్యముగా పట్టణములో కొత్త చక్రము అమ్మి బిగించిన పెద్ద షాపులతో ఈ చిక్కు రావచ్చును. బిల్లు తీసుకొనే అలవాటు అక్కడ ఉపయోగపడుతుంది. డబ్బు చెల్లించి పొందిన సేవలో లోపముంటే అడిగే హక్కును 1986 నాటి వినియోగదారుల రక్షణ చట్టము ఇచ్చింది. దాని స్థానములో వచ్చిన 2019 చట్టము 2020 జూలై 20 నుండి అమలులో ఉన్నది. బిల్లు ఇవ్వకపోవడము కూడా ఈ చట్టము ప్రకారము తప్పే. 1915 నంబరుకు ఫోను చేసి తెలుగులోనే చెప్పుకోవచ్చును. తేలకపోతే రెండేళ్ళలోపు జిల్లా వినియోగదారుల కమీషనులో ఫిర్యాదు ఇవ్వవచ్చును. రాజమహేంద్రవరము, కాకినాడ, ఏలూరులలో ఈ కమీషన్లున్నాయి. ఇంత చిన్న మొత్తానికి రుసుము లేదు, వకీలు లేకుండా మనమే చెప్పుకోవచ్చును. అయితే చెట్టు క్రింది షాపులో వేసిన రెండు పుల్లల కోసము కాకినాడ బస్సెక్కడము మాకు సమంజసముగా తోచదు. బస్సు చార్జీలకు కొత్త రిమ్మే వస్తుందేమో!

మంచి రిపేరు తరువాత కూడా ఒక పని మిగిలి ఉంటుంది. కొత్త పుల్లలు తమ చోట కుదురుకొని కొద్దిగా సడలుతాయి. గనుక వారము పది రోజులు తొక్కిన తరువాత అదే షాపుకు తీసుకొనిపోయి ఒకసారి బిగింపు సరిచూపించుకోవాలి. ఈ రెండవసారి వస్తారా అని ముందే అడిగే మెకానిక్కు దొరికితే అతనిని వదులుకోవద్దు.

ఇంటికి దూరముగా గట్టు మీద "టింగ్" మని పుల్ల తెగిన శబ్దము వినబడితే వెంటనే దిగండి. వెనుక కూర్చున్నవారిని, బరువును దించండి. తెగిన పుల్ల చైనులోనో ఫోర్కులోనో చిక్కుకోకుండా ప్రక్క పుల్లకు చుట్టి పెట్టండి. రిమ్ము బ్రేకు రబ్బరుకు రాచుకొంటుంటే ఆ బ్రేకును వదులు చేసి, షాపు వచ్చేదాకా నడిపించుకొని పోండి.