వెన్నుకు చికిత్స, మనసుకు చెలిమి

అరకులోయలో చైత్రమాసపు పండుగలనాడు జరుగు ధింసా నృత్యమును చూచినవారికి ఒక విశేషము గోచరించును. తుడుము, మోరి, కిరిడి మ్రోగుచుండ స్త్రీలు వరుసగా నిలిచి, ఒకరి వీపు వెనుకగా మరొకరు చేతులు పెనవేసికొని కదలుదురు. ప్రతివారి వెన్నుకును పొరుగువారి చేయియే ఊత. వెన్నెముకకు శస్త్రచికిత్స జరిగినవారికి కావలసినదియు ఇట్టి ఊతయే.

వెన్నెముక ఒకే ఎముక గాదు. మెడయందు 7, వీపునందు 12, నడుమునందు 5 పూసలును, వాని క్రింద అతుకుకొనియున్న ఎముకలును కలవు. ఈ పూసల నడుమ వెన్నుపాము సాగుచున్నది. పూస విరిగినను, క్షయచే కరగినను వెన్నుపాము నలిగి కాళ్ళు చచ్చుబడవచ్చును. శస్త్రవైద్యుడు ఒత్తిడిని తొలగించి పూసలను నిలుపగలడు. కాని తెగిన వెన్నుపామును మునుపటివలె అతికించు విద్య నేటికిని చేతికి రాలేదు. కనుక శస్త్రచికిత్సతో కథ ముగియదు. క్రొత్త జీవితము మొదలగును.

జీలుగు కల్లుకై చెట్టెక్కి జారిపడిన కొండ యువకుడొకడును, మూటలు మోయుచు పడిపోయిన మైదానపు కూలి యొకడును విశాఖపట్టణమున ఒక పెద్దాసుపత్రిలో ప్రక్కప్రక్క మంచములపై ఉన్నారనుకొందము. ఒకని ఇంటిభాష కువి, మరొకనిది తెలుగు. అయినను ప్రక్కకు పొర్లించునప్పటి బాధ, మొదటిసారి కూర్చుండబెట్టినప్పుడు కన్నులు తిరుగుట ఇద్దరికిని తెలిసినవే. బంధువులు “ఎప్పుడు నడచెదవు?” అని అడుగుదురు. ప్రక్కమంచమువాడు అట్లడుగక, “తమ్ముడా, ప్రక్కకు తిరిగితివా?” అని మాత్రమే అడుగును. స్పర్శ తెలియని శరీరమునకు ఈ ప్రశ్న ప్రాణరక్షకము. రెండేసి గంటల కొకసారి ప్రక్క మార్చనిచో ఒరపుండ్లు పడును. అవి ప్రాణాపాయమునకు దారితీయవచ్చును.

వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు చెందిన వైద్యురాలు మేరీ వర్గీసు 1954లో మోటారు ప్రమాదమున కాళ్ళు చచ్చుబడి, శస్త్రచికిత్సల పిమ్మట చక్రాల కుర్చీలో కూర్చుండియే కుష్ఠరోగుల చేతులకు శస్త్రచికిత్స చేసెను. ఆమె కృషి ఫలితముగా 1966లో వేలూరున పునరావాస కేంద్రము వెలసెను. తమవలెనే కుర్చీలోనున్న వైద్యురాలిని చూచిన రోగికి వేరుగ ధైర్యవచనములతో పనియేమి? మెక్సికో చిత్రకారిణి ఫ్రీడా కాలో 1950లో వెన్నుకు పలుమారులు శస్త్రచికిత్స జరిగి నెలల తరబడి ఆసుపత్రిలో గడపెను. మరుసటి యేడు, తన వైద్యుని చిత్తరువు చెంత చక్రాల కుర్చీలో కూర్చున్నట్లుగా తన్ను తాను చిత్రించుకొనెను. కృతజ్ఞతయు స్నేహమును అక్కడ చిత్రమైనవి.

అందరును చిత్రకారులు గానక్కరలేదు. చెట్టెక్కలేనివాడు వెదురుబుట్ట అల్లవచ్చును, పిల్లనగ్రోవి ఊదవచ్చును, పాట కట్టవచ్చును. అయితే నేలపై వంగి అల్లుట వెన్నుకు హాని చేయవచ్చును. పనిని ఎత్తైన బల్లపైకి తెచ్చుకొనవలెను. ఏ పని ఎప్పుడు మొదలిడవచ్చునో వైద్యుని అడిగియే నిర్ణయించుకొనవలెను. ఇట్టి రచనకు మొదటి రసికుడు తోటి రోగియే. అతడు జాలితో మెచ్చుకొనడు. వంకర వచ్చినచో వంకర యనును. ఆ మాటతో చేయి నేర్పు పెరుగును, మనస్సు నిలబడును.

ఆసుపత్రి విడుచునాడు మందుల చీటితోపాటు ప్రక్కమంచమువాని ఊరు, పేరు, టెలిఫోను సంఖ్య వ్రాసికొనుట మరువరాదు. కొండపై నొంటరిగా గడుపవలసిన వర్షాకాలమున ఆ చీటి కూడ ఒక ఔషధమే.