కణం చావకపోతే?

తల్లి కడుపులో శిశువు చెయ్యి మొదట తెడ్డులా వుంటుంది. కొన్ని వారాలు గడిచేసరికి అయిదు వేళ్ళూ విడివడతాయి. ఆ నడుమనున్న కణాలు ఏమైనట్టు? ఎవరూ వాటిని చంపలేదు. వేళయింది, వాటంతట అవే చచ్చిపోయాయి. ఇవాళ మనం చేత్తో అన్నం కలుపుకోగలుగుతున్నామంటే ఆ కణాల చలవే!

1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రజ్ఞులు ఈ చావుకు ‘అపోప్టోసిస్’ అని పేరు పెట్టారు. చెట్టునుంచి ఆకు రాలడాన్ని చెప్పే గ్రీకు మాట అది. దెబ్బ తిన్న కణం పగిలి చుట్టూ వాపు తెస్తుంది. వేళకు పోయే కణం మాత్రం ముడుచుకుని, ముక్కలై, పొరుగు కణాలకు ఆహారమైపోతుంది.

మరి ఆ వేళ వచ్చిందని నిర్ణయించేదెవరు? నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచిన సంగతి ఇదే. నిర్ణయించేవాడంటూ ఒక్కడు లేడు. కణంలోని మాంసకృత్తులు ఒకదాన్నొకటి పట్టుకోవడంలోనూ, వదలడంలోనూ వుంది కిటుకంతా.

బాక్స్, బాక్ అనేవి రెండు మాంసకృత్తులు. కణానికి శక్తినిచ్చే మైటోకాండ్రియాకు కన్నం వెయ్యడం వాటి పని. చావు కబురు మోసుకొచ్చేది బిమ్. బి.సి.ఎల్-2 అనే మాంసకృత్తు ఒంటిమీద ఒక గాడి వుంది. బిమ్ వచ్చి ఆ గాడిలో ఇరుక్కుంటుంది. కబురు అక్కడితో ఆగిపోతుంది. కబుర్లు మరీ ఎక్కువైతే బి.సి.ఎల్-2 పట్టు చాలదు. అప్పుడు కన్నం పడుతుంది. లోపలి సైటోక్రోమ్-సి బయటికొచ్చి అపాఫ్-1 అనే మాంసకృత్తును కలుసుకుంటుంది. ఏడు అపాఫ్‌లు చక్రంలా కూడతాయి. ఆ చక్రం నిద్రపోతున్న కాస్పేజులను లేపుతుంది. అవి కత్తెరలవంటివి, కణాన్ని లోపలినుంచే కత్తిరించేస్తాయి.

బి.సి.ఎల్-2 మితిమీరితే? కొన్ని లింఫోమా కాన్సర్లలో 14వ, 18వ క్రోమోజోముల ముక్కలు తారుమారై, ఈ మాంసకృత్తు కుప్పతెప్పలుగా తయారవుతుంది. అది కణాలను పెంచదనీ, చావకుండా కాపాడుతుందనీ 1988లో మెల్బోర్న్‌లో వాక్స్, కోరీ, ఆడమ్స్ తేల్చారు. చావవలసిన కణం చావకపోవడం కూడా కాన్సరుకు దారేనన్నమాట!

అయితే ఆ గాడిలో బిమ్‌కు బదులు మందు కూర్చోబెడితే? బిమ్‌కు విడుదల దొరుకుతుంది కదా! ఈ ఆలోచనతో చేసిన నావిటోక్లాక్స్ అనే మందు తోబుట్టువైన బి.సి.ఎల్-ఎక్స్‌ఎల్‌ను కూడా పట్టుకుంది. రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే ప్లేట్‌లెట్లు దాని అండతోనే బ్రతుకుతాయి. అవి కాస్తా పడిపోయాయి. తోబుట్టువుల మధ్య తేడా తెలిసిన మందు కావలసివచ్చింది. అదే వెనెటోక్లాక్స్. 2016లో అమెరికాలో ఒక రకం రక్త కాన్సరుకు దీన్ని అనుమతించారు. ఆ జబ్బులో కణాలు ఒక్కుమ్మడిగా చస్తే వాటి చెత్త మూత్రపిండాలకే ముప్పు తెస్తుంది. అంచేత 20 మిల్లీగ్రాములతో మొదలుపెట్టి, అయిదు వారాలలో మెల్లగా 400కు పెంచుతారు.

అందరికీ ఇది పనిచేస్తుందనుకోకండి. కొన్ని కాన్సరు కణాలు బి.సి.ఎల్-2ను వదిలి ఎమ్.సి.ఎల్-1 అనే మరో తోబుట్టువు పంచన చేరి బ్రతికిపోతాయి. దాని గాడిలో దేన్ని కూర్చోబెట్టాలా అన్నది శాస్త్రజ్ఞుల ముందున్న పని. కడుపులోని బిడ్డకు వేళ్ళు విడదీసిన ఆ చావే, దారి తప్పకుండా నడిపించగలిగితే, రోగికి ఆయుష్షు పోస్తుంది.