మొదటి అపార్ట్‌మెంటు, లీజు కాగితం

అమెరికా వచ్చిన కొత్తలో మనవాళ్ళు ముగ్గురు నలుగురు కలిసి అపార్ట్‌మెంటు తీసుకుంటారు. డాలస్ పక్కన ఇర్వింగ్‌లో నేనూ అలాగే మొదలుపెట్టాను. నేలమీద పరుపు, స్టవ్ మీద కుక్కరు, అంతే సామాను.

అద్దె ఎంతో అందరూ చూస్తారు. లీజులో నేను ముందు చూడమనేది వేరే మాట. సాధారణంగా, సంతకం పెట్టిన ప్రతి ఒక్కరూ మొత్తం అద్దెకి పూచీ. మన కన్సల్టెంట్ల సంగతి తెలిసిందేగా, ప్రాజెక్టు మారితే ఊరు మారాలి. మా రూమ్మేటు ఒకతను న్యూజెర్సీ వెళ్ళిపోతే లీజింగ్ ఆఫీసు వాళ్ళు అతని వాటా కూడా మిగిలిన మా ఇద్దరినే అడిగారు. అడిగే హక్కు వాళ్ళకుంది మరి. అందుకని, వెళ్ళేవాళ్ళు బదులు మనిషిని చూసి, లీజులో పేరు మార్పించి వెళ్ళాలని మొదటిరోజే మాట్లాడుకోండి. పేరు మార్పించకపోతే పాతాయన పూచీ అలాగే ఉంటుంది.

ఇక డిపాజిట్. టెక్సస్ చట్టం ప్రకారం ఖాళీ చేశాక 30 రోజుల్లో తిరిగివ్వాలి. కాలిఫోర్నియాలో 21 రోజులే. అయితే టెక్సస్‌లో మీ కొత్త అడ్రసు కాగితం మీద రాసిస్తేనే ఆ బాధ్యత మొదలవుతుంది, నోటిమాట చాలదు. మామూలు వాడకంలో అరిగినదానికి డబ్బు కోయకూడదు. మన పోపు జిడ్డు మామూలే అంటే మాత్రం ఒప్పుకోరు లెండి! చేరినరోజే కార్పెట్ మరకలు ఫోటో తీసి, ఇన్‌స్పెక్షన్ ఫారంలో రాసి, ఒక కాపీ దగ్గర పెట్టుకోండి.