వదంతి అనే మాట కథ

మన హాస్టల్లో భోజనం గంట కంటే ముందు పరుగెత్తేది ఒకటుంది. "రేపు సెలవంట", "కొత్త సారు వస్తాడంట", "ఫలానావాడు పక్కోడి ట్రంకు పెట్టె తెరిచినాడంట". దీన్నే పుస్తకాల్లో వదంతి అంటారు. ఈ మాట పుట్టుక తెలుసుకుందామని నిఘంటువు ముందు పెట్టుకుని కూర్చున్నాను.

సంస్కృతంలో ‘వదంతి’ అంటే ‘వాళ్ళు అంటున్నారు’ అని అర్థం. ఎవరు వాళ్ళు? ఆ మాటలో పేరు లేదు. దాని గుణమంతా అక్కడే ఉంది.

దీనికి చుట్టాలు చాలామంది. ‘పుకారు’ హిందీ, ఉర్దూల నుంచి వచ్చింది. అక్కడ దానికి పిలుపు, కేక అని అర్థం. ‘కబురు’ అరబ్బీ ‘ఖబర్’ నుంచి వచ్చింది. అంటే వార్త. ఇంటికి కబురు పంపితే అది పని. కబుర్లు చెప్పుకుంటే కాలక్షేపం. మనం గాలివార్త అనేదాన్ని హిందూపురం, మడకశిర పక్క కన్నడంవాళ్ళు ‘గాళిసుద్ది’ అంటారు. రెండు భాషల్లోనూ గాలే మోస్తుంది!

అచ్చంగా మనది ‘అట’. పుట్టపర్తి వైపు మన నోట్లో అది ‘అంట’. "తీసినాడు" అంటే చూసి చెప్పినట్టు. "తీసినాడంట" అంటే విని చెప్పినట్టు. భాష ఇంత జాగ్రత్త నేర్పింది. కానీ నాలుగు నోళ్ళు తిరిగేసరికి ‘అంట’ రాలిపోయి "తీసినాడు" మాత్రం మిగులుతుంది.

అది రాలిపోతే ఏమవుతుందో చూడండి. 1871లో తెల్లదొరలు నేరస్థ జాతుల చట్టం తెచ్చి కొన్ని తెగలవాళ్ళు పుట్టుకతోనే దొంగలని ముద్ర వేశారు. తర్వాత మన ఎరుకలవాళ్ళ మీదా అది పడింది. 1952లో చట్టం పోయింది గానీ అనుమానం పోలేదు. 2018 వేసవిలో "పార్దీ ముఠా పిల్లల్ని ఎత్తుకుపోతోందంట" అని మన దగ్గరా తెలంగాణలోనూ ఫోన్లలో తిరిగింది. పార్దీ అనేది ఒక తెగ పేరు. ముఠా పేరు కాదు. ఆ ఏడాదే జూలై 1న మహారాష్ట్రలో ధూళే జిల్లా రైన్‌పాడాలో భిక్షాటనకు వచ్చిన సంచార జాతివాళ్ళు 5 మందిని పిల్లల దొంగలనుకొని జనం కొట్టి చంపినారు.

ఊర్లో ఏదైనా పోతే మొదట మన తండా, మన కాలనీ పేరెత్తేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ బాధ తెలిసిన మనమే పక్క మంచంవాడి మీద ‘అంట’ మోయడం న్యాయమా?

అందుకని ఎవరైనా వచ్చి చెవిలో వేస్తే "నువ్వు చూసినావా?" అని అడుగుదాం. ఒకరి పరువు పోయే మాటైతే అక్కడే ఆపేద్దాం. నిజంగా వస్తువు పోతే వార్డెన్ సారుకు నేరుగా చెబుదాం. పోయిందని చెప్పడం చాడీ కాదు. చూడకుండా పేరు చెప్పడమే చాడీ.