నౌపడ మీదుగా నడచిన ఎల్లలు

శ్రీకాకుళము జిల్లాలో, టెక్కలికి చేరువగా, ఉప్పుమళ్ళ నడుమ నౌపడ యను గ్రామము కలదు. మదరాసు నుండి కలకత్తాకు పోవు రైలుమార్గమున పయనించువారికి అచటి తెల్లని ఉప్పుకుప్పలు పరిచితములే. ఆ గ్రామము ఉన్నచోటనే యున్నది. కాని అది నూరేండ్లలోపల మూడు జిల్లాలను చూచినది. 1936కు పూర్వము కలెక్టరు కచేరీలో పని పడిన నౌపడవాసి ఉత్తరముగా ఛత్రపురము బండి యెక్కవలసి యుండెను. ఆ పిమ్మట దక్షిణముగా విశాఖపట్టణము పోవలసి వచ్చెను. 1950 నుండి శ్రీకాకుళము పోవుచున్నాడు. ఒకే ప్లాటుఫారము, రెండు దిక్కులు, మూడు జిల్లాలు. ఒక సీమ పరిపాలనా చరిత్రను ఆ ప్లాటుఫారము మీద నిలిచియే చదువవచ్చును.

ఈ సీమ ఎల్లప్పుడును ఒకరి రాజ్యమునకు కొసయై యుండలేదు. వంశధార యొడ్డునగల ముఖలింగమే తూర్పు గాంగుల రాజధానియైన కళింగనగరమని చరిత్రకారులు గుర్తించిరి. పన్నెండవ శతాబ్దిలో అనంతవర్మ చోడగంగదేవుని కాలమున రాజధాని కటకమునకు తరలినది. అనంతర కాలమున గోల్కొండ సుల్తానుల ఫౌజుదారులకు శ్రీకాకుళము నివాసమయ్యెను. నిజాము నాటికి ఉత్తర సర్కారులైదింటిలో నొకటి ఆ పట్టణము పేరనే పిలువబడెను. 1753లో సర్కారులు ఫ్రెంచివారి చేతికి పోయినవి. 1758 డిసెంబరులో చందుర్తి యుద్ధమున ఫ్రెంచివారు ఓడిరి. 1765లో మొగలు చక్రవర్తి ఫర్మానాతో ఆంగ్లేయుల కంపెనీకి హక్కు సంక్రమించినది.

కంపెనీవారు జిల్లాలు ఏర్పరచినప్పుడు ఒక సర్కారునకే పేరిచ్చిన పట్టణము గంజాము జిల్లాలో నొక తాలూకా కేంద్రముగా మిగిలెను. 1802లో ప్రారంభమైన శాశ్వత శిస్తు నిర్ణయముతో పర్లాకిమిడి, టెక్కలి, మందస, తర్లా వంటి జమీనులు స్థిరపడినవి. అంతట రైతు రెండు పటములలో కాపురము చేయవలసి వచ్చెను. శిస్తు చెల్లించునప్పుడు అతడు జమీనులోనివాడు; కోర్టునకో, పోలీసు ఠాణాకో పోవునప్పుడు తాలూకాలోనివాడు. 1884 నాటి మదరాసు స్థానిక బోర్డుల చట్టముతో మూడవ పటము సిద్ధమైనది. బాటలు, బడులు, వైద్యశాలలు జిల్లా బోర్డు, తాలూకా బోర్డుల పాలైనవి. గ్రామమున మాత్రము కరణము, మునసబులే ప్రభుత్వము.

ఇన్ని గీతలలో మనుష్యుల హృదయములను కోసిన గీత 1936 ఏప్రిల్ 1వ తేదీది. ఆనాడు ఒరిస్సా ప్రత్యేక రాష్ట్రమైనది. గంజాము జిల్లా చీలినది. పర్లాకిమిడి పట్టణమును, జమీనులో కొంత భాగమును ఒరిస్సాలో చేరినవి. శ్రీకాకుళము, టెక్కలి, సోంపేట సీమలు మదరాసు రాజధానిలోనే నిలిచి, విశాఖపట్టణము జిల్లాలో కలిసినవి. పర్లాకిమిడిలో ఉపాధ్యాయుడై, దశాబ్దముల తరబడి అచటనే నివసించి, తెలుగు వాడుక భాష కొరకును సవర భాష కొరకును శ్రమించిన గిడుగు రామమూర్తి పంతులుగారు ఆ మార్పును సహింపలేక, డెబ్బది రెండేండ్ల వయస్సున ఆ యూరు విడిచి రాజమహేంద్రవరము చేరిరి. పటముపై గీసిన గీత ఒక వృద్ధ పండితుని గడప దాటించినది. అట్లని దోషము ఒక పక్షమునకే అంటగట్టరాదు. ఆ గీతకు ఆవల తెలుగువారు మిగిలినట్లే, ఈవల ఇచ్ఛాపురము ప్రాంతమున ఒడియావారును మిగిలిరి. రెండు భాషలు కలిసి కాపురము చేయుచోట ఏ గీతయు నిర్దోషముగా గీయుటకు వీలుపడదు.

కాని గీత విడదీసినదానిని ఒక చిన్న రైలు కలుపుచుండెను. 1900లో పర్లాకిమిడి సంస్థానమువారు నౌపడ నుండి తమ పట్టణమునకు రెండున్నర అడుగుల వెడల్పుగల పట్టాలు వేయించిరి. 1931 నాటికి ఆ మార్గము గుణుపురము చేరినది. 1936 తరువాత అదే బండి రెండు రాష్ట్రముల బండియైనది. పాతపట్నము, పర్లాకిమిడి ఒకదానికొకటి ఆనుకొనియున్న యూళ్ళు. నేడొకటి ఆంధ్రములోనిది, ఒకటి ఒడిశాలోనిది. సంతకు పోవువారు, పెండ్లికి పోవువారు ఆ గీతను లెక్కింపక దాటుచునే యుండిరి. 2004లో ఆ చిన్న బండి నిలిచిపోయెను. 2011 నాటికి పెద్ద పట్టాలపై మరల సాగెను.

1950 ఆగస్టు 15న శ్రీకాకుళము జిల్లా యేర్పడుటతో ఆ పట్టణమునకు పోయిన గౌరవము తిరిగి వచ్చినది. 1959లో జిల్లా బోర్డులకు మారుగా పంచాయతీ సమితులు, జిల్లా పరిషత్తులు వచ్చినవి. 1979 జూన్ 1న పార్వతీపురము, బొబ్బిలి, సాలూరు, చీపురుపల్లి సీమలు కొత్తదైన విజయనగరము జిల్లాకు పోయినవి. 1984లో కరణము, మునసబుల పదవులు రద్దయినవి. 1985లో తాలూకాల స్థానమున మండలములు వెలసినవి. టెక్కలి తాలూకాలోని నౌపడ సంతబొమ్మాళి మండలములోనిదైనది. 2022 ఏప్రిల్ 4న మరియొక విభజన జరిగి, పాలకొండ, సీతంపేట మున్నగునవి పార్వతీపురము మన్యము జిల్లాలోను, రాజాము మున్నగునవి విజయనగరము జిల్లాలోను చేరినవి. 38 మండలముల జిల్లాకు 30 మిగిలినవి.

ఈ మార్పులన్నిటిలోను ఒక మేలు కలదు: కచేరీ జనులకు దగ్గరైనది. ఛత్రపురమునకు పోవుటకును సంతబొమ్మాళికి పోవుటకును ఎంత యంతరమో వేరుగ చెప్పనక్కరలేదు. కాని దగ్గరగా వచ్చినది కచేరీయే కాని అధికారము అంతగా రాలేదు. 1993లో అమలునకు వచ్చిన డెబ్బది మూడవ రాజ్యాంగ సవరణము పంచాయతీలకు అప్పగింపదగిన 29 విషయములను పేర్కొన్నది. వానిని అప్పగించుట మాత్రము రాష్ట్రముల ఇచ్ఛకు వదలినది. నౌపడ పేరును నాలుగు దిక్కుల చాటిన ఉప్పు ఆ పట్టికలో లేదు. అది కేంద్ర జాబితాలోని విషయము. ఊరి ముంగిట పండు పంటపై ఊరి పంచాయతీకి మాట లేదు.

అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రమున మిడిల్‌సెక్స్ కౌంటీ 1643లో ఏర్పడెను. 1997లో దాని పాలకవర్గము రద్దయ్యెను. అయినను ఎల్ల నిలిచినది, పేరు నిలిచినది. జనులు నేటికిని తమ కౌంటీ యనియే చెప్పుకొందురు. అచట అధికారము పోయి ఎల్ల మిగిలినది. ఇచట ఎల్ల మారిన కొలదియు అధికారమును వెదకుకొనవలసి వచ్చుచున్నది. అయినను పేరుపై మమకారము రెండు చోట్లను ఒక్కటే. తాలూకా పోయి నాలుగు దశాబ్దములైనను, ఈ సీమ పెద్దలు తమది టెక్కలి తాలూకా యనుట మానలేదు.

ఎల్లలు గీయువారు గుర్తుంచుకొనవలసినది నౌపడ ప్లాటుఫారము చెప్పు మాటయే. జిల్లాను పటము చూచి కొలువరాదు; పని మీద బయలుదేరిన బీదవాడు ఏ దిక్కు బండి యెక్కవలెను, ఆ రాత్రికి ఇల్లు చేరునా, వెళ్ళిన పని అగునా యని కొలువవలెను.