కాంప్లెక్స్ నుంచి కె.జి.హెచ్. దాకా లెక్కకెక్కని దొంగతనాలు

విశాఖపట్నం: శ్రీకాకుళం, టెక్కలి, పాలకొండ, సాలూరు వైపుల నుంచి చీకటితో బయలుదేరే బస్సులు పొద్దెక్కేసరికి విశాఖ ఆర్.టి.సి. కాంప్లెక్స్‌కు చేరతాయి. దిగేవారిలో పెద్దాసుపత్రి పని మీద వచ్చినవారు ఉండనే ఉంటారు. వారిని గుర్తుపట్టడం ఏమంత కష్టం కాదు. చేతిలో ఎక్స్‌రే కవరు, చంకలో దుప్పటి, సంచిలో నీళ్ళ సీసా. డబ్బు మాత్రం మొలలోనో, జాకెట్టులోని చిన్న పర్సులోనో ఉంటుంది. ఐదు నిమిషాలకోసారి చెయ్యి అక్కడికే పోతుంది. జేబుదొంగకు ఆ చెయ్యే చిరునామా!

1923లో ప్రారంభమైన కింగ్ జార్జి ఆసుపత్రికి నూరేళ్ళు దాటాయి. ఉత్తరాంధ్ర జిల్లాలు మూడు కాస్తా 2022లో ఆరయ్యాయి గాని, జబ్బు ముదిరితే పల్లె జనం దారి నేటికీ మహారాణిపేటకే. కాంప్లెక్స్ నుంచి డాబాగార్డెన్స్, జగదాంబ మీదుగా ఆసుపత్రికి రెండు మూడు కిలోమీటర్లే. కాని కొత్తవారికి ఆ కాస్త దారే గండం.

ఇక్కడ కత్తి చూపి దోచుకునేవారి కంటే మాటలతో దోచుకునేవారితోనే పల్లెవారికి ఎక్కువ ముప్పు. నాలుగు పది రూపాయల నోట్లు కింద పడేసి 'నీ డబ్బు పడిపోయింది చూసుకో' అంటాడొకడు. వంగి ఏరుకుని లేచేసరికి పక్కన పెట్టిన సంచి ఉండదు. ఏ.టి.ఎం. దగ్గర సాయం చేస్తానని కార్డు తీసుకుని, తిరిగి ఇచ్చేటప్పుడు అలాంటిదే వేరే కార్డు చేతిలో పెడతాడు మరొకడు. 'మేము పోలీసులం, ముందు వీధిలో దొంగలున్నారు, నగలు తీసి కాగితంలో చుట్టుకో తల్లీ' అని చెప్పి, తామే చుట్టి ఇస్తారు ఇంకొందరు. ఇంటికెళ్ళి విప్పితే అందులో గులకరాళ్ళుంటాయి. ఆసుపత్రి మనిషినని చెప్పి స్కానింగ్‌కు డబ్బు కట్టి వస్తానంటూ తీసుకుపోయేవాడు మరో రకం. ఇవేవీ కొత్త విద్యలు కావు. పత్రికల్లో ఎన్నోసార్లు వచ్చినవే. అయినా రోగిని పక్కన పెట్టుకున్న మనిషికి అవన్నీ ఆ క్షణాన గుర్తుకు రావు.

డబ్బు పోయిన మనిషి ఏం చేస్తాడు? కాసేపు గుండెలు బాదుకుంటాడు. చుట్టూ చేరినవారు తలో మాటా అంటారు. తర్వాత ఊరికి ఫోను చేసి, బావమరిది చేతనో, ఎరువుల కొట్టు షావుకారు చేతనో మరికొంత అప్పు తెప్పించుకుంటాడు. పోలీసు స్టేషనుకు మాత్రం వెళ్ళడు. వెళ్తే వార్డులో రోగి దగ్గర ఎవరుంటారు? మళ్ళీ మళ్ళీ రమ్మంటే బస్సు ఛార్జీ ఎవరిస్తారు? 'పోయింది ఎలాగూ రాదు' అనుకుని బస్సెక్కేస్తాడు.

నగరంలో నేరాలు పెరిగాయా తగ్గాయా అన్న లెక్కలన్నీ అసలు ఇక్కడే తేలిపోతున్నాయి. నేరాల రేటు అంటే లక్ష జనాభాకు ఎన్ని కేసులు నమోదయ్యాయన్న లెక్క. కేసు రాస్తేనే నేరం, రాయకపోతే జరగనట్టే. జనాభా లెక్క ఊళ్ళో కాపురం ఉండేవారిది. పొద్దున దిగి రాత్రి బస్సుకు పోయే పల్లె మనిషి ఆ లక్షలోనూ ఉండడు, ఫిర్యాదు చేయడు కనుక కేసుల్లోనూ ఉండడు. పోయిన సొమ్ము మాత్రం అతనిదే. దేశమంతటి నేరాల వివరాలు ప్రచురించే జాతీయ సంస్థ కూడా నేరాలు పెరగడం వేరు, పోలీసులు కేసులు ఎక్కువగా నమోదు చేయడం వేరు అని తన నివేదికలోనే హెచ్చరించింది. ఫిర్యాదు తీసుకుని రాసే స్టేషనుకు చెడ్డపేరు, రాయని స్టేషనుకు మంచిపేరు వచ్చే లెక్క ఇది.

దీనికి తోడు 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన కొత్త చట్టాల్లో ఒక మెలిక ఉంది. పాత శిక్షాస్మృతిలో పది రూపాయల దొంగతనమైనా పోలీసులు నేరుగా కేసు కట్టి దర్యాప్తు చేయవచ్చు. ఇప్పుడు 5 వేల రూపాయల లోపు సొత్తు, మొదటిసారి దొంగతనం అయితే సొత్తు తిరిగి ఇచ్చేసినవాడికి సమాజ సేవే శిక్ష. ఆ కోవ దొంగతనాన్ని మేజిస్ట్రేటు ఉత్తర్వు లేకుండా పోలీసులు దర్యాప్తు చేయరు. సమాచారం పుస్తకంలో రాసుకుని, ఫిర్యాదుదారును మేజిస్ట్రేటు దగ్గరకు వెళ్ళమంటారు. కోర్టుల భారం తగ్గించడానికే కావచ్చు. కాని మందుల కోసం నాలుగు వేలు తెచ్చుకున్న కూలి మనిషికి అది నెల రాబడి కావచ్చు. అతనికది చిన్న దొంగతనం ఎలా అవుతుంది?

అలాగని అన్ని దారులూ మూసుకుపోలేదు. సొత్తు 5 వేలు, ఆపైన అయితే కేసు కట్టాల్సిందే. మెడలో గొలుసు, చేతిలో సంచి గుంజుకుపోతే కొత్త చట్టంలో అది వేరే నేరం, మూడేళ్ళ దాకా జైలు. బస్సులోంచి సామాను ఎత్తుకుపోతే ఏడేళ్ళ దాకా శిక్ష పడవచ్చు. ఈ రెండింటికీ 5 వేల మెలిక లేదు.

'ఇది మా హద్దు కాదు' అనే మాటకు కూడా ఇప్పుడు చెల్లుబాటు లేదు. రైల్వే స్టేషనులో పోతే రైల్వే పోలీసులు, గేటు దాటితే సిటీ పోలీసులు అని తిప్పడం అందరూ ఎరిగిందే. నేరం ఎక్కడ జరిగినా ఏ స్టేషనులోనైనా ఫిర్యాదు తీసుకుని, తర్వాత సంబంధిత స్టేషనుకు పంపాలని చట్టంలోనే రాశారు. దీన్నే జీరో ఎఫ్.ఐ.ఆర్. అంటున్నారు. అంటే విశాఖలో సంచి పోయిన మనిషి టెక్కలిలో దిగాకయినా ఫిర్యాదు ఇవ్వవచ్చు. ఎఫ్.ఐ.ఆర్. నకలు ఉచితంగా ఇవ్వాలి, దానికి పైసా కట్టనక్కరలేదు. తీసుకోకపోతే పోలీసు ఉన్నతాధికారికి పోస్టులో పంపవచ్చు. నగరంలో ఆ అధికారి కమిషనరు. విశాఖకు కమిషనరేటు 1983లోనే వచ్చింది.

అప్పటికప్పుడు సాయం కావాలంటే 112కు, రైల్లో అయితే 139కు ఫోను చేయాలి. ఖాతాలోంచి డబ్బు లాగేస్తే 1930కి ఎంత త్వరగా చేస్తే అంత మంచిది. గంటలు గడిస్తే డబ్బు చేతులు మారిపోతుంది. సెల్‌ఫోను పోయినవారు మరో విషయం గమనించాలి. దాన్ని ఎవరూ వాడకుండా కట్టించాలన్నా పోలీసు ఫిర్యాదు నకలు అడుగుతారు. 'ఎలాగూ రాదు' అని వదిలేస్తే ఆ అవకాశమూ పోతుంది.

రోగిని వదిలి కదల్లేనివారి దగ్గరకే వచ్చి ఫిర్యాదు రాసుకునే ఏర్పాటు పగలూ రాత్రీ ఉంటే, డబ్బు పోతే ఎక్కడ చెప్పాలో కాంప్లెక్స్ ప్లాట్‌ఫారాల మీద, ఆసుపత్రి ఓ.పి. దగ్గర తెలుగులో పెద్ద అక్షరాలతో రాసి పెడితే, బస్సెక్కి వెళ్ళిపోతున్న ఈ ఫిర్యాదుల్లో కొన్నయినా విశాఖలోనే దిగుతాయి. పోలీసు, ఆసుపత్రి, ఆర్.టి.సి. అధికారులు ముగ్గురూ ఒకసారి కూర్చుంటే అయ్యే పని ఇది.